'పడు' అనే మాట లేని ఇల్లు

ఆ పెద్దమనిషి షోరూం మధ్యలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నమూనా కోసం నేల మీద పరిచిన చెక్క పలకలకి నుదురు ఆనించాడు. ముందు నెమ్మదిగా ఒకసారి, తర్వాత కాస్త గట్టిగా ఇంకోసారి తల కొట్టుకున్నాడు. అక్కణ్ణించి పక్కనే పరిచిన వెదురు పలకల మీదికి పాక్కుంటూ వెళ్ళి అక్కడా అదే పని చేశాడు. ఆయన భార్య ఏమీ ఎరగనట్టు గోడకి తగిలించిన దీపాలు చూస్తూ నిలబడింది. కూతురు మాత్రం తలుపు దగ్గర నుంచి కళ్ళార్పకుండా తండ్రినే చూస్తోంది.

సేల్స్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైనా పోయిందా సార్? వెతకమంటారా?"

"ఏం పోలేదు బాబూ. ఎంత గట్టిగా ఉందో చూస్తున్నా."

ఆ మాటకి సేల్స్‌మన్ ముఖం చాటంత అయింది. గట్టితనం గురించి అడిగే గిరాకీ అంటే అతనికి పండగే. "ఆ బెంగే వద్దు సార్. ఇది హార్డ్‌వుడ్, పేరులోనే గట్టి ఉంది. ఇక వెదురంటారా, దాన్ని నారలు నారలుగా చీల్చి, జిగురు పట్టించి, మెషీన్లో పెట్టి అదిమి అచ్చు తీస్తారు. అది చెక్క కన్నా గట్టిది! దానిమీద సుత్తి విసిరికొట్టినా గీత పడదు."

పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. సుత్తికి కాదు, చివరి మాటకి.

"కాస్త మెత్తగా ఉండేది లేదా?" అన్నాడు.

సేల్స్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మెత్తగానా? పరుపుల షాపు పక్క వీధిలో ఉంది సార్."

భార్య ముసిముసిగా నవ్వింది గాని, ఆయనకి నవ్వు రాలేదు. నుదుటి మీద ఎర్రగా రెండు గుర్తులు తేలాయి. రెండింట్లో ఏది ఎక్కువ నొప్పిగా ఉందో తడిమి తడిమి చూసుకుంటూ, రెండు రకాల్లోనూ ఒక్కో పలక చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆయన్ని పనిచేసే చోట 'మెల్లగా మేస్త్రి' అంటారు. గాజు సామాను గోడౌన్లో ప్యాకింగ్ మేస్త్రి ఆయన. సీసాలు, గ్లాసులు, లాబొరేటరీ గొట్టాలు, దీపాల బుడ్లు ఆయన చేతుల మీదుగానే పెట్టెల్లోకి వెళ్తాయి. పెట్టె ఎవరు ఎత్తినా, ఎవరు దించినా వెనకనుంచి "మెల్లగా, మెల్లగా" అంటూ ఆయన గొంతు వినిపించాల్సిందే. చివరికి లారీ డ్రైవర్ తుమ్మబోయినా "మెల్లగా" అంటాడని ఒక ఎగతాళి. కొత్త రకం ప్యాకింగ్ చేసినప్పుడల్లా ఒక పెట్టెని మోకాలెత్తు నుంచి వదిలి చూడటం ఆ గోడౌన్ పద్ధతి. లోపలి గాజు నిలిస్తే ఆ ప్యాకింగ్ పాసయినట్టు. ఆ పరీక్ష మాత్రం ఆయన తన చేత్తో చేసేవాడు కాదు. ఇంకొకరికి అప్పగించి, తను చెవులు మూసుకుని గోడ వైపు తిరిగేవాడు.

మొదట్నుంచీ అలా లేడు. ఒకప్పుడు ఆయనా అందరిలాగే పెట్టె వదిలి, చెవి ఆనించి విని, పగిలితే నవ్వేసి ఇంకో పొర అట్ట వేసేవాడు. కూతురు తొమ్మిదో క్లాసులో ఉండగా అంతా మారిపోయింది.

ఆ పిల్లని ఇంట్లో అమ్మలు అంటారు. ఒకరోజు పొద్దున బడికి బయల్దేరుతూ, బూట్ల తాడు కట్టుకుంటూ ఏదో చెబుతోంది. చెబుతున్న మాట మధ్యలో ఆగింది. తండ్రి అద్దం ముందు తల దువ్వుకుంటూ "ఊఁ, తర్వాత?" అన్నాడు. వెంటనే రాతి నేల మీద చప్పుడు. గాజు పగిలే చప్పుళ్ళు అన్నీ తెలిసిన మనిషి ఆయన. సన్నగాజు ఎలా పగులుతుందో, మందపుది ఎలా పగులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆ చప్పుడు వాటిలో ఏదీ కాదు. అది తల. తిరిగి చూసేసరికి పిల్ల ఒళ్ళంతా కొయ్యబారి కొట్టుకుంటోంది. కనుబొమ దగ్గర చిట్లి రక్తం రాతి సందుల్లోకి పాకుతోంది.

మూర్ఛ అన్నాడు డాక్టరు. మందులు వాడితే చాలావరకు అదుపులో ఉంటుందన్నాడు. వచ్చినప్పుడు పక్కకి తిప్పి ఉంచాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, తగ్గేదాకా దగ్గర ఉండాలి, అలాగే ఎక్కువసేపు ఆగకపోతే ఆసుపత్రికి తేవాలి అని ఓపిగ్గా చెప్పాడు. చివర్లో "భయపడకండి" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో 'పడు' అనే మాట లేకుండా పోయింది.

ఎవరూ నిషేధించలేదు. ఎవరైనా ఆ మాట అంటే మేస్త్రి ముఖం పాలిపోయేది. అది చూడలేక తల్లి మానేసింది, తల్లిని చూసి పిల్లా మానేసింది. తెలుగు మాట్లాడే మనిషి ఆ మాట లేకుండా ఒక పూట గడపడం ఎంత కష్టమో ప్రయత్నించిన వాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళ ఇంట్లో వాన పడేది కాదు, వచ్చేది. జీతం పడేది కాదు, చేతికి అందేది. ఎవరూ పడుకునేవారు కాదు, నడుం వాల్చేవారు. వస్తువులు కనపడేవి కావు, కనిపించేవి. పక్కింటావిడకీ వీళ్ళకీ పడేది కాదు గాని ఆ సంగతి "సరిపోదు" అని చెప్పుకునేవారు. ఎవరూ కష్టపడలేదు, సిగ్గుపడలేదు, తొందరపడలేదు. భయం ఇంటి నిండా ఉండేది, భయపడేవాళ్ళు మాత్రం లేరు.

పిల్లకి మూర్ఛ వచ్చి పోయాక, కళ్ళు తెరిచి "ఏమైంది?" అని అడిగేది. "ఏం లేదమ్మా, కాస్త కళ్ళు తిరిగాయి" అనేవాడు తండ్రి. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు.

ఇక ఇంటి సంగతి. అద్దె ఇంటి రాతి నేలంటే ఆయనకి హడల్. గోడౌన్లో మిగిలిపోయిన స్పాంజి షీట్లు, అట్టలు అడిగి తెచ్చుకుని గదులన్నీ పరిచేశాడు. బల్ల మూలలకి గుడ్డలు చుట్టాడు. మంచం కోళ్ళకి బుడగల కాగితం కట్టాడు. కూర్చుంటే అది టప్ టప్‌మనేది. బాత్రూం తలుపు గొళ్ళెం ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అమ్మలు స్నానం చేస్తున్నంతసేపూ ఏదో ఒక కూనిరాగం తియ్యాలి. రాగం ఆగితే తల్లి తలుపు తట్టాలి. రాగం మరిచిపోయినా, గొంతులో కఫం అడ్డొచ్చినా బయట ఇద్దరి పైప్రాణాలూ పైనే పోయేవి. పాపం ఆ పిల్ల దగ్గుతూ కూడా రాగం తీయడం నేర్చుకుంది.

అలాగే చదువు ముగించింది. ఫొటో స్టూడియోలో పనికి కుదిరింది. చిరిగిపోయిన, మచ్చలు కట్టిన పాత ఫొటోలు కంప్యూటర్లో బాగుచేయడం ఆమె పని. ముఖం మీది చిన్న పుట్టుమచ్చని మరక అనుకుని చెరిపేయకూడదు, అసలు మరకని వదిలేయకూడదు. రెండింటికీ తేడా ఆమె ఇట్టే పట్టేస్తుంది. స్టూడియో ఓనరమ్మకి మూర్ఛ సంగతి తెలుసు. అక్కడ రెండుసార్లు వచ్చింది. ఆవిడ పక్కకి తిప్పి, తల కింద తన శాలువా పెట్టి, తేరుకున్నాక టీ ఇచ్చి మళ్ళీ పనిలో కూర్చోబెట్టింది. ఆ రెండుసార్లూ ఇంట్లో చెప్పలేదు అమ్మలు.

ఆసుపత్రి దుప్పట్లు కుట్టే తల్లి సంపాదన, మేస్త్రి సంపాదన కలిసి ఇన్నాళ్ళకి సొంత ఇల్లు అమిరింది. గోడలు లేచాయి, కిటికీలు బిగించారు. నేల ఒక్కటే మిగిలింది. చెక్కో వెదురో వారంలోగా తేల్చి చెప్పమన్నాడు వడ్రంగి. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. ఇంకొకరైతే రంగు చూసుకుని చెప్పేసేవారు. మేస్త్రికి మాత్రం ఆ వారం నరకం చూపించింది. ఆయన ఎంచుకుంటున్నది కూతురి తల తగలబోయే చోటుని. తప్పుగా ఎంచుకుంటే ఆ చప్పుడు మళ్ళీ వినాలి.

షోరూం నుంచి తెచ్చిన రెండు పలకలనీ ఆ సాయంత్రమే హాల్లో పక్కపక్కన పెట్టాడు. గ్లాసులు తెచ్చాడు. ఒక్కో గ్లాసుకి ఒకే మందం గుడ్డ చుట్టాడు. ఇన్నాళ్ళూ గోడ వైపు తిరిగిన మనిషి ఇవాళ తనే మోకాలెత్తు నుంచి వదిలాడు. ప్రతి గ్లాసుకీ కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి వదిలాడు. చెక్క మీద వేసింది నిలిచింది. వెదురు మీద వేసిందీ నిలిచింది. గుడ్డ తగ్గించాడు. అయినా నిలిచాయి. గుడ్డ తీసేశాడు. గ్లాసులు దొర్లుకుంటూ పోయి గోడకి ఆనాయి.

చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "చూశావా, రెండూ మంచివే!" అన్నాడు.

భార్య బట్టలు మడతపెడుతూ తలెత్తి చూసింది. "పలకల కింద ఏముందండీ?"

"ఏముంటుంది, నేల."

"నేలా? మన ఇంట్లో నేల ఎక్కడుంది?"

అప్పటికి గాని తట్టలేదు మేస్త్రికి. పలకలు పెట్టింది స్పాంజి షీట్ల మీద. ఆయన ఇంతసేపూ పరీక్ష పెట్టింది చెక్కకీ కాదు, వెదురుకీ కాదు, తన స్పాంజికి. అసలైన నేల మీద పెట్టి చూద్దామంటే ఇల్లంతా గాలించినా జానెడు చోటు లేదు.

అంటించిన టేపు పీకి, ఒక మూల స్పాంజి ఎత్తాడు. దాని కింద అట్ట, అట్ట కింద ఇంకో అట్ట. దాని కింద చెమ్మ పట్టి, నల్లబడి, రాయి. ఎత్తిన చోటు కూడా మరెక్కడో కాదు, పాత అద్దం ఉన్న మూల. ఆయన అది చూసుకోకుండానే ఎత్తాడు. రాతి సందులో ఇప్పుడు ఏ మరకా లేదు. ఉందేమో అని వంగి చూశాడు. రెండు పలకలనీ ఆ రాతి మీద పెట్టి, గుడ్డ చుట్టిన గ్లాసు చెక్క మీద వదిలాడు. పగిలింది. వెదురు మీద ఇంకోటి వదిలాడు. అదీ పగిలింది. గుడ్డ రెండు చుట్లు చుట్టి చూశాడు. అవీ నిలవలేదు.

ఇక ఆయన గాజు పెంకులు ఏరుతూ అక్కడే కూర్చుండిపోయాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. "మీరు ఇంటికి చెక్క చూస్తున్నారా, పిల్లకి చెక్కపెట్టె చూస్తున్నారా?" అంది. ఆవిడ గొంతులో వెటకారం లేదు. ఏడుపు ఉంది. గది అవతల అమ్మలు వింటోందని ఇద్దరికీ తెలీదు.

గడువు రోజున వడ్రంగి తనే ఫోన్ చేశాడు. "ఒకసారి వచ్చి చూసుకోండి సార్. హాల్లో సగం చెక్క, సగం వెదురు నమూనాకి వేసి పెట్టాను. నడిచి చూస్తే మీకే తెలుస్తుంది." మేస్త్రి బయల్దేరుతుంటే "నేనూ వస్తా" అంది అమ్మలు. వద్దనడానికి ఆయనకి వెయ్యి కారణాలు ఉన్నాయి గాని, ఒక్కటీ నోటి దాకా వచ్చేలోపు ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

కొత్త ఇల్లు సున్నం వాసన, రంపప్పొట్టు వాసన వేస్తోంది. హాల్లో కిటికీ వైపు చెక్క, గోడ వైపు వెదురు. వడ్రంగి వివరించాడు. వెదురు పలకలు సిమెంటు మీద జిగురేసి నేరుగా అంటిస్తారు. చెక్కైతే కింద సన్న దూలాలు పరిచి, వాటి మీద మేకులు కొడతారు. కింద కాస్త ఖాళీ ఉంటుంది.

"అంటే కాస్త దిగుతుందా?" మేస్త్రి ఆశగా అడిగాడు.

"దిగడమంటే అడుగేస్తే ఇంతే, వెంట్రుకవాసి. పరుపు కాదు కదా సార్. రండి, దూలాలు బాల్కనీలో ఉన్నాయి, చూపిస్తా."

మేస్త్రి వెనక్కి చూసుకుంటూనే బాల్కనీలోకి వెళ్ళాడు. అమ్మలు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ అలవాటు కొద్దీ కూనిరాగం తీస్తోంది. వడ్రంగి దూలం చేతికిచ్చి ఏదో చెబుతున్నాడు. మేస్త్రి ఒక చెవి దూలానికిచ్చి, ఒక చెవి రాగానికిచ్చాడు.

రాగం ఆగింది.

ఆయన చేతిలో దూలం అలాగే ఉంది. వెంటనే ధబ్‌మని చప్పుడు.

ఎలా వెళ్ళాడో ఆయనకే తెలీదు. తలుపు అంచు భుజానికి తగిలి చర్మం లేచిపోయిందని సాయంత్రం గాని చూసుకోలేదు. అమ్మలు చెక్క పలకల మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. చెంప నేలకి ఆని ఉంది, ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుని ఉంది. మూర్ఛ ఆగాక ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. మేస్త్రి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వెనకనుంచి వడ్రంగి "నీళ్ళు, నీళ్ళు తెస్తా" అని అరుస్తున్నాడు.

"నీళ్ళొద్దు అంకుల్," అంది అమ్మలు, కింద నుంచే. "నాకేం రాలేదు. ఊరికే పడి చూస్తున్నా."

ఆ ఇంటి మనిషి నోట ఆ మాట ఎన్నేళ్ళకి వచ్చిందో! మేస్త్రికి కాసేపు దాని అర్థమే తోచలేదు. తోచాక, జీవితంలో ఎన్నడూ గొంతెత్తని మనిషి ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. "ఆటలుగా ఉందా నీకు! నా ప్రాణం పోయిందే! గుండె ఆగిపోతే ఏం చేసేదానివి?"

"ఆట కాదు నాన్నా." ఆమె లేవలేదు. "నువ్వు షాపులో తల కొట్టుకుని చూశావు. ఇంట్లో గ్లాసులు వేసి చూశావు. ఎప్పుడూ పడేది నేను. నన్ను ఒక్కసారైనా అడిగావా?"

"నిన్నేమని అడగనమ్మా?" ఆయన గొంతు మళ్ళీ చిన్నదైపోయింది.

"పడటం ఎలా ఉంటుందో నాకు తెలీదు నాన్నా. అది మీకే తెలుసు. చప్పుడు వినేది మీరు, చూసేది మీరు. నాకు అదేమీ ఉండదు. మాట్లాడుతూ ఉంటాను, ఆ తర్వాత నేల మీద ఉంటాను. మధ్యలో ఏమీ లేదు. నాకు తెలిసిందల్లా లేవడం. కళ్ళు తెరిచేసరికి ముందు కనిపించేది నేలే. మన ఇంట్లో అయితే స్పాంజి. తెల్లగా, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. అట్టపెట్టె వాసన. ఎక్కడున్నానో తెలీదు. నా పేరు కూడా వెంటనే గుర్తురాదు. నన్ను పెట్టెలో పెట్టి మూతేశారని అనిపిస్తుంది. నాకు భయమేసేది అప్పుడు నాన్నా, పడినప్పుడు కాదు. మీరిద్దరూ పైనుంచి వంగి చూస్తుంటారు. ఏమైందని అడిగితే ఏం లేదంటారు."

మేస్త్రికి కళ్ళు మసకలు కమ్మాయి. ఇన్నేళ్ళుగా ఆయన రాత్రీ పగలూ మేలుకుని కాపలా కాసింది ఒక క్షణానికి. పిల్ల ఒంటరిగా భయంతో గడిపింది ఇంకో క్షణంలో. అది ఆయన తన చేతులతో పరిచినదే.

"ఇలా రా. పడుకో," అంది అమ్మలు.

ఆయన కూతురి పక్కన పడుకున్నాడు. ముందు వెదురు వైపు జరిగి చెంప ఆనించాడు. నున్నగా, చల్లగా ఉంది. కంటికి దగ్గరగా సన్నటి గీతలు. అన్నీ ఒకే దూరంలో, ఒకే రంగులో. అటు చివరిదాకా అంతే. అది ఏ ఇంటి నేలైనా కావచ్చు. తర్వాత చెక్క వైపు దొర్లాడు. అక్కడ గీతలు వంకర్లు తిరిగాయి, ఒకచోట చిక్కబడి ఒకచోట విడిపోయాయి. ఒక పలక మధ్యలో గోధుమ రంగు ముడి ఉంది, టీ కప్పు పెట్టి తీసిన మరకలాగా గుండ్రంగా, ఒక పక్క కాస్త తెగి.

"అది చూస్తే నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది," అంది అమ్మలు. పాత ఫొటోల్లో మరకకీ పుట్టుమచ్చకీ తేడా పట్టే పిల్ల కదా, ఆ ముడి వైపు అలాగే చూస్తోంది.

వడ్రంగి నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. తండ్రీ కూతుళ్ళు నేల మీద పడుకుని ముడి చూడటం తన సర్వీసులో ఎరగడు. "ఆ పలక తీసేస్తానమ్మా. చేతికి దొరికింది వేశాను. ముడి ఉంటే చూడ్డానికి బాగోదు," అన్నాడు నొచ్చుకుంటూ.

"తియ్యొద్దు," అంది అమ్మలు.

"తల తగిలితే?" అన్నాడు మేస్త్రి, ఎవర్నీ అడగనట్టుగా.

"తగులుతుంది నాన్నా."

ఆ జవాబుతో ఆయన రెండు రోజులు నిద్ర లేకుండా గడిపాడు. స్పాంజి లేని గదులు కళ్ళ ముందు మెదిలేవి. చెక్క మీద ఆ ధబ్‌మన్న చప్పుడు చెవిలో అలాగే ఉండిపోయింది. గోడౌన్లో పెట్టె మీద అంటించాల్సిన 'ఇటు పైకి' కాగితం తలకిందులుగా అంటిస్తే అందరూ కంగారుపడ్డారు. మూడో రోజు వడ్రంగికి ఫోన్ చేశాడు.

"చెక్కే వెయ్యండి. ఆ ముడి పలక హాల్లో అలాగే ఉండాలి. మీ దగ్గర ముడి ఉన్న పలకలు ఇంకా ఉంటే గదికొకటి వెయ్యండి. ఒకదానిలా ఇంకోటి ఉండకూడదు."

"ముడులు కావాలని అడిగే మనిషిని మిమ్మల్నే చూశాను సార్," అని నవ్వాడు వడ్రంగి.

కొత్త ఇంట్లో చేరారు. స్పాంజి పాత ఇంట్లోనే వదిలేశారు. బల్ల మూలల గుడ్డలు మాత్రం ఉంచారు, డాక్టరు కూడా ఉంచమన్నాడు. అమ్మలు స్నానాల గదిలో రాగాలు మానేసింది. నిశ్శబ్దంగా స్నానం చేసి వస్తుంది. అంతసేపూ మేస్త్రి తలుపు బయట ఏదో పని కల్పించుకుని తిరిగేవాడు. తుడిచిన కిటికీనే తుడిచేవాడు. రోజులు గడిచాయి, మూర్ఛ రాలేదు. రానికొద్దీ ఆయన భయం తగ్గకపోగా పెరిగింది. అడుగు కింద పలక కిర్రుమన్నా ఆగిపోయేవాడు. భార్య "ఏమండీ, నడిస్తే చప్పుడు కాకుండా ఉంటుందా?" అని చెప్పి చెప్పి అలిసిపోయింది.

ఒక సెలవు రోజు పొద్దున అమ్మలు హాల్లో కిటికీకి కర్టెన్లు తగిలిస్తూ, స్టూడియోకి వచ్చిన ఒక ముసలాయన ఫొటో కథ చెబుతోంది. మేస్త్రి వంటింట్లో టీ వడపోస్తూ వింటున్నాడు. ఫొటోలో ఆయన మీసం ఒక పక్కే మిగిలిందట, రెండో పక్క ఎలా ఉండేదని అడిగితే...

మాట ఆగింది.

ఈసారి చప్పుడు రాతి మీది చప్పుడులా లేదు. బరువుగా, లోతుగా వచ్చింది. ఆయన అరికాళ్ళకి కూడా తెలిసింది. టీ గిన్నె దించాడో వదిలేశాడో గుర్తులేదు. వెళ్ళి పిల్లని పక్కకి తిప్పాడు. మెడ దగ్గర గుండీ వదులు చేశాడు. ఇక చెయ్యాల్సింది ఏమీ లేదు, దగ్గర ఉండటమే. ఆ ఏమీ లేకపోవడమే అన్నిటికన్నా కష్టం. భార్య తువ్వాలు పట్టుకుని వచ్చి గడియారం వైపు చూస్తూ నిలబడింది. పిల్ల ఒళ్ళు కొట్టుకుంటోంది, మడమలు పలకల మీద దడదడలాడుతున్నాయి. ఆగదేమో, ఈసారి ఆగదేమో అనుకున్నాడు. ఎప్పుడూ అనుకునే మాటే, ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

మెల్లగా ఆగింది. ఊపిరి గురకలా వచ్చి, తర్వాత సర్దుకుంది.

పిల్ల మీదికి వంగబోయిన వాడల్లా మేస్త్రి ఆగాడు. ఆమెకి ఎదురుగా నేల మీద పడుకుని, చెంప చెక్కకి ఆనించాడు. ఇద్దరి ముఖాల మధ్య జానెడు దూరంలో ఆ ముడి ఉంది.

చాలాసేపటికి అమ్మలు కళ్ళు తెరిచింది. చూపు ఎక్కడా నిలవలేదు. అటూ ఇటూ తిరిగి తిరిగి ముడి మీద ఆగింది. వేలు పాకించి, దాని తెగిన అంచు తడిమింది.

"హాలు," అంది ముద్దగా. ఆ తర్వాత ఎదురుగా ఉన్న తండ్రి ముఖం చూసింది. "నాన్నా, ఏమైంది?"

ఆయన నాలుక చివర 'ఏం లేదు' సిద్ధంగా ఉంది. దాన్ని మింగడానికి గుటక వెయ్యాల్సి వచ్చింది.

"పడ్డావమ్మా," అన్నాడు.

భార్య చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. అమ్మలు ఆ మాట విని, కనుబొమలు ముడిచి, ఒప్పుకున్నట్టు మెల్లగా రెప్పలు వాల్చి ఎత్తింది.

"తల తగిలిందా?"

"తగిలింది. కణత దగ్గర వాచింది. రక్తం రాలేదు."

అమ్మలు తండ్రి ముఖాన్నే చూస్తోంది. ఆయన కళ్ళలోంచి కారిన నీళ్ళు ముక్కు మీదుగా చెక్క మీదికి జారుతున్నాయి.

"భయపడ్డావా నాన్నా?"

"పడ్డాను తల్లీ," అన్నాడు మెల్లగా మేస్త్రి.

"అయితే ఇద్దరం పడ్డాం," అంది అమ్మలు. "చెయ్యివ్వు, లేద్దాం."